పగటి మొరుగుడు – పొరుగువాని నిద్ర



ఈసారి మేము ఎత్తుకొన్న విషయము చూసి కొందరు నవ్వవచ్చు. కుక్క మొరుగుడు గురించి సంఘ పత్రికలో వ్రాయవలసిన అవసరమేమిటి, రక్షణ, బాప్తిస్మము, ప్రార్థన, పిల్లల పెంపకము వంటి విషయములు లేవా అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని సంఘ పెద్దలుగా ఇన్నేండ్లు ఇంటింటికీ తిరిగి మేము విన్న తగాదాలలో సిద్ధాంతము మీద వచ్చినవి బహు తక్కువ. కొళాయి దగ్గర వంతు, మురుగు కాలువ, గోడ మీదికి వంగిన చెట్టుకొమ్మ, కుక్క – వీటి మీద వచ్చినవే ఎక్కువ. పొరుగువానిని ప్రేమించవలెనన్న ఆజ్ఞ ఆదివారము ఆరాధనలో పరీక్షకు రాదు. సోమవారము పొద్దున గోడ అవతలివారి దగ్గర వస్తుంది.

ఈ చిన్న విషయములో ఒక పెద్ద ప్రశ్న దాగి ఉన్నది. మనకు తెలియకుండా మన వలన ఇంకొకరికి బాధ కలిగితే, దానికి మనము లెక్క చెప్పవలసినదేనా? ఈ ప్రశ్న మేము ఉపాధ్యాయ శిక్షణలో చదువలేదు, ప్రసంగములో వినలేదు. మా ఇంటి కుక్క మమ్మల్ని అడిగింది.

మా ఇంటి సంగతి

మేము ఉండేది కోలారు బంగారు గనుల ఊరిలో. 1880 నుండి ఇక్కడ గనులు పెద్ద ఎత్తున సాగినప్పుడు చిత్తూరు వైపు నుండి మన తెలుగువారు, ఆర్కాటు వైపు నుండి తమిళులు పనికి వచ్చి స్థిరపడ్డారు. గని కార్మికుల కోసము కట్టిన వరుస ఇండ్లను ఇక్కడ ‘లైన్లు’ అంటారు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఈ పక్క దగ్గితే ఆ పక్క వినబడుతుంది. గనులు నడిచిన రోజులలో పని షిఫ్టుల లెక్కన జరిగేది. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడు పగలు పడుకొంటాడని లైనులోని పసిపిల్లలకు కూడా తెలుసు. అటువంటి ఇంటి ముందు గోలీలాట మొదలు పెడితే ఏ ఇంటి పెద్దమ్మయినా సరే బయటికి వచ్చి తరిమేది. పగలు ఎవరో ఒకరు నిద్రపోతూ ఉంటారన్నది అప్పట్లో అందరికీ జ్ఞాపకమున్న సంగతి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. ఆ తరువాత ఎంతోమంది తెల్లవారక ముందే రైలెక్కి బెంగుళూరికి పనికి పోయి, రాత్రికి ఇల్లు చేరడము అలవాటు చేసుకొన్నారు. లైన్లలో పగలంతా తాళాలే. తాళాలు చూస్తే దొంగల భయము, దొంగల భయమునకు కుక్క. 2012లో మేము కూడా ఒక కుక్కపిల్లను తెచ్చుకొన్నాము. అప్పటికి ఆలుమగలము ఇద్దరమూ బడి ఉద్యోగములలో ఉన్నాము. ఉదయము ఎనిమిదికి తాళము వేస్తే సాయంత్రము అయిదుకు తీయడము. కుక్కకు టామీ అని పేరు పెట్టి, ముందు వసారాలో గేటుకు ఎదురుగా గొలుసుతో కట్టి వెళ్ళేవారము. వచ్చేసరికి తోక ఊపుతూ ఎదురు చూసేది. రాత్రిపూట ఒక్క అరుపు లేదు. ‘మా టామీ ఎంత బుద్ధిగల కుక్కో’ అని సంఘములో నలుగురితో చెప్పుకొన్నాము.

గోడకు ఆవల ఒక తమిళ పెద్దాయన, ఆయన భార్య ఉండేవారు. ఆయన ముప్పై ఏండ్లు భూమి అడుగున పనిచేసినవాడు. గని పనివారిలో చాలామందికి పట్టిన జబ్బే ఆయనకూ పట్టింది. రాతిదుమ్ము ఊపిరితిత్తులలో చేరి, రాత్రి వెల్లకిల పడుకొంటే ఆయాసము. దిండ్లకు ఆనుకొని కూర్చొనే తెల్లవార్చేవాడు. పొద్దెక్కిన తరువాత ఊపిరి కొంచెము నిదానించి, కన్ను మూతపడేది. ఇదంతా మాకు తరువాత తెలిసింది. అప్పట్లో మాకు తెలిసినదల్లా, ఎదురైనప్పుడు ఆయన చెయ్యెత్తి ‘వణక్కం వాద్యారే’ అనడము, మేము తిరిగి వణక్కం చెప్పి సైకిలెక్కడము.

టామీ వచ్చిన ఏడవ నెలలో మాకు జ్వరము వచ్చి బడికి సెలవు పెట్టాము. మా ఇంటావిడ ఎప్పటిలాగే కుక్కను కట్టి, తలుపు మూసి బడికి వెళ్ళింది. మేము వెనుక గదిలో దుప్పటి కప్పుకొని పడుకొన్నాము. కుక్క లెక్కలో ఇంట్లో ఎవరూ లేరు.

ఎనిమిదిన్నరకు మొదలయింది. మొదట బడిపిల్లలను చూసి, తరువాత కూరగాయల బండిని చూసి, తరువాత పోస్టుమాన్‌ను చూసి. ఆ తరువాత ఎవరినీ చూసి కాదు. ఒకే గొంతు, ఒకే తాళము. కొంత సేపు ఆగడము, మళ్ళీ అందుకోవడము. కోపముతో మొరిగే మొరుగుడు కాదది, తోడు లేని ప్రాణి పిలుపు. లేచి పోయి అదిలిద్దామంటే ఒళ్ళు సహకరించలేదు. పన్నెండు దాటిన తరువాత గోడ అవతల దగ్గు వినబడింది. వెంటనే మంచము ఈడ్చిన చప్పుడు. ముందు గదిలోని మంచము వంటింటి వైపుకు, మా వసారాకు వీలైనంత దూరముగా పోతున్నది. ఆయన భార్యను పిలువలేదు, ఆమె ఏమిటని అడగలేదు. ఇద్దరూ ఒక్క మాటైనా లేకుండా ఆ పని చేశారు. దానిని బట్టి మాకు అర్థమయింది, ఇది ఈ రోజు పని కాదు, ప్రతి దినము జరిగే పని.

మొరుగుడు మూడింటి వరకు సాగింది. అయిదింటికి మా ఇంటావిడ తలుపు తీయగానే టామీ తోక ఊపుతూ, బుద్ధిగల కుక్కవలె నిలబడింది.

ఆ సాయంత్రమే ఇద్దరమూ వాళ్ళ ఇంటికి వెళ్ళాము. పెద్దాయన ‘కుక్క అన్న తరువాత మొరగదా’ అని నవ్వి ఊరుకొన్నాడు. ఆయన భార్య మాత్రము తల వంచుకొని ఒక మాట అన్నది. ‘మీరు వాద్యారు. కోయిల్‌లో పెద్దవారు. మీ ఇంటికి బుధవారము బుధవారము జనము ప్రార్థనకు వస్తారు. మీతో కుక్క సంగతి ఎట్లా చెప్పేది?’ తమిళులు గుడినీ చర్చినీ కూడా కోయిల్ అనే అంటారు. దేవుని పనిలో ఉన్నవారిని నొప్పించకూడదని ఆ ఇద్దరూ ఏడు నెలలు నోరు కట్టుకొన్నారు.

ఆ రాత్రి మాకు జ్వరము తగ్గినా నిద్ర పట్టలేదు. ఆ ఏడు నెలలలో పొరుగువాని ప్రేమను గురించి సంఘములో మేమే రెండుసార్లు వాక్యము చెప్పాము. మా మంచిపేరే మా తప్పు మాకు చేరకుండా అడ్డుగోడ అయింది. మేము సమాధానమనుకొన్నది వాళ్ళ ఓర్పు.

తెలియనిదానికి లెక్క ఉన్నదా?

‘మాకు ఎవరూ చెప్పలేదు కదా, తెలిస్తే ఊరుకొంటామా?’ – ఆ రాత్రి మమ్మల్ని మేము ఓదార్చుకొనడానికి మొదట వెదుక్కొన్న మాట ఇదే. వినడానికి న్యాయముగానే ఉన్నది. ధర్మశాస్త్రము కూడా తెలిసి చేసినదానిని, తెలియక చేసినదానిని వేరు చేసి చూస్తుంది. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దు సంగతి చూడండి. ఎన్నడూ పొడవని ఎద్దు ఒకసారి పొడిస్తే యజమానికి శిక్ష లేదు. అది పొడిచేదని ముందే అతనికి తెలియజేసినా కట్టివేయకపోతే అప్పుడు లెక్క వేరు. ఇక్కడ పశువు తప్పుకు కొలత యజమానికి తెలిసినదెంత అన్నదే.

అయితే లేవీయకాండము 5వ అధ్యాయము 17వ వచనము దగ్గరికి వచ్చేసరికి ఆ సాకు నిలువదు. తెలియక చేసినవాడు కూడా దోషియే అని అక్కడ ఉన్నది. 19వ కీర్తనలో దావీదు తనకు కనబడని తప్పుల నుండి తనను విడిపించుమని వేడుకొంటాడు. తెలిసిన పాపము ఒప్పుకోవడము ఒక ఎత్తు, తెలియని పాపము కూడా ఉండవచ్చునని ఒప్పుకోవడము ఇంకొక ఎత్తు. రెండవదానికే ఎక్కువ దీనత్వము కావాలి.

ఈ రెండు వాక్యములను పక్కపక్కన పెట్టి చాలా దినములు ఆలోచించాము. మాకు తోచినది ఇది. తెలియకపోవడములో మూడు రకములున్నాయి. ఎంత ప్రయత్నించినా తెలిసే వీలు లేనిది ఒకటి. అడిగితే తెలిసేది, కాని అడగకపోవడము రెండవది. చెప్పవలసినవాడు చెప్పడానికి జంకేటట్లు మనము ఉండడము మూడవది. మొదటిదానికి దేవుడు మనలను లెక్క అడగడని నమ్ముతాము. రెండవది సోమరితనము. మూడవది మూడింటిలో చెడ్డది. దానిలో మన గౌరవము, మన చదువు, మన భక్తి కూడా పొరుగువాని నోటికి తాళము వేస్తాయి. తాళము మన చేతిలో ఉన్నప్పుడు ‘ఎవరూ చెప్పలేదు’ అనడానికి మనకు హక్కు లేదు.

పగటి మొరుగుడు ఈ మూడవ రకమునకు చక్కని పాఠము. రాత్రి మొరిగితే యజమానికే ముందు నిద్ర చెడుతుంది, ఎవరూ చెప్పనక్కరలేదు. పగలు మొరిగితే వీధి వీధంతా వింటుంది, యజమాని ఒక్కడే వినడు. అతడు వచ్చే వేళకు సాక్ష్యము మిగలదు. మన కోపము, మన మాట విసురు, మన దర్పము కూడా ఇటువంటివే కావా? వాటిని వినేవారు వేరు, మనము వేరు.

కొందరి అభ్యంతరములు

ఈ సంగతి మేము ఒక కూటములో చెప్పినప్పుడు సహోదరులు కొందరు ఎదురు ప్రశ్నలు వేశారు. అవి త్రోసివేయదగినవి కావు.

మొదటిది: ‘మొరగడము కుక్కకు దేవుడిచ్చిన స్వభావము. దానిని ఆపడము న్యాయమా?’ నిజమే, మొరగని కాపలా కుక్క ఎందుకు పనికివస్తుంది? యెషయా 56వ అధ్యాయములో, మొరగలేని మూగ కుక్కలతో ప్రవక్త పోల్చినది తమ పని చేయని కావలివారినే. కుక్క పని గాడిద చేసిన కథ మనకు తెలుసు. కుక్క తన పని తాను చేయవలసినదే. అయితే గేటు దగ్గరికి కొత్తవాడు వస్తే నాలుగు అరుపులు అరవడము కాపలా. ఎవరూ లేని వీధిని చూసి ఆరు గంటలు అరవడము కాపలా కాదు, బాధ. దానిని స్వభావమని చెప్పి వదిలివేస్తే కుక్కకూ అన్యాయమే, పొరుగువానికీ అన్యాయమే. నీతిమంతుడు తన పశువు ప్రాణమును కూడా పట్టించుకొంటాడని సామెతలు 12వ అధ్యాయము 10వ వచనము నేర్పుతుంది.

రెండవది: ‘పగలే కదా, రాత్రి కాదు కదా!’ పగటిపూట శబ్దమునకు హద్దు లేదని చాలామంది అనుకొంటారు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములలో నివాస ప్రాంతములకు రాత్రి 45, పగలు 55 డెసిబెల్స్ అని రెండు హద్దులూ ఉన్నాయి. ఉదయము ఆరు నుండి రాత్రి పది వరకు పగలుగా లెక్క. దగ్గరగా వింటే ఒక కుక్క అరుపు 80 దాటుతుంది. చట్టము సంగతి ఎట్లున్నా, పగలు ఎవరు నిద్రపోతారన్న ప్రశ్న మనవారికి వేరే చెప్పాలా? హుబ్బళ్ళి రైల్వే కాలనీలలో రాత్రి బండి నడిపి వచ్చిన డ్రైవరు పగలు నిద్రపోవాలి. అతనికి నిద్ర చెడితే ఆ రాత్రి బండిలో ఉన్నవారందరికీ ముప్పు. షోలాపూరు, భివండీలలో రాత్రి మగ్గము నడిపినవాడు, బ్రహ్మపురములో రాత్రి డ్యూటీ దిగిన నర్సమ్మ, యానాములో వేకువన వేటనుండి తిరిగివచ్చిన జాలరి – వీరందరికీ పగలే రాత్రి. పచ్చి బాలింతకు, ముసలివారికి, రోగికి పగలు, రాత్రి అన్న భేదమే లేదు.

మూడవది: ‘అందరూ శబ్దము చేస్తున్నారు. మైకులు లేవా? ఇతరుల పండుగలు లేవా? మన కుక్క ఒక్కటే వచ్చిందా?’ ఇతరుల మైకుల మాట ఎత్తే ముందు మన క్రిస్మస్ మైకు మాట తలచుకోవాలి. తెల్లవారుజామున గట్టిగొంతుతో చెప్పిన దీవెన కూడా పొరుగువానికి శాపముగా తోచునని సామెతలు 27వ అధ్యాయము 14వ వచనములో ఉన్నది. దీవెనకే ఆ గతి పడితే మొరుగుడు సంగతి చెప్పాలా? ఇతరులతో సమాధానము మనకు చేతనైనంత మట్టుకు మన బాధ్యత అని పౌలు రోమా పత్రిక 12వ అధ్యాయములో వ్రాశాడు. అవతలివాని మట్టు ఎంతన్నది మనము కొలవవలసిన పని కాదు.

మేము ఏమి చేశాము

పశ్చాత్తాపము పని లేకుండా నిలువదు. మరునాడు పశువైద్యుని దగ్గరికి వెళ్ళాము. ఆయన చెప్పినదానికి మా అనుభవము కలిపి, కుక్కలున్న సహోదరులకు ఉపయోగపడునని కొంత వివరముగా వ్రాస్తున్నాము.

ముందు కారణము పట్టుకోవాలి. మా టామీకి నాలుగు కారణములు కనబడ్డాయి. గేటుకు ఎదురుగా కట్టడము వలన వీధిలో పోయే ప్రతి మనిషీ దానికి దొంగే. పోస్టుమాన్ వస్తాడు, ఇది మొరుగుతుంది, అతడు తన పని చూసుకొని పోతాడు. తాను మొరగబట్టే అతడు పోయాడని కుక్క నమ్ముతుంది. రేపు ఇంకా గట్టిగా మొరుగుతుంది. ఇక గొలుసు పొట్టిది. పొద్దుట నడక లేనందువలన ఒంట్లో ఓపిక తీరలేదు. తొమ్మిది గంటలు ఒంటరితనము.

కుక్కను వసారా నుండి తీసి వెనుక పెరడు వైపు నీడలోకి మార్చాము. గేటు కమ్ములకు గోనెపట్టా కట్టి వీధి కనబడకుండా చేశాము. గొలుసు తీసి, పెరటిలో తిరిగేటట్లు కంచె వేశాము. మేము అరగంట ముందు లేచి, దానిని మైదానము దాకా నడిపించి తెచ్చాము. అలసిన కుక్క నిద్రపోతుంది. కుక్క సహజముగా పగటిలో చాలా భాగము నిద్రపోయే ప్రాణియే. వెడల్పాటి తొట్టిలో నీళ్ళు, బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలో కూరిన రాగి సంగటి – దానిని నాకి నాకి తీసుకొనడానికి గంట పట్టేది. వెళ్ళేటప్పుడు ముద్దులు, వచ్చేటప్పుడు సంబరము మానివేశాము. ఆ రెండూ ఎంత ఎక్కువైతే మధ్యలో ఒంటరితనము అంత బరువవుతుంది.

నేర్పడము కూడా ఉన్నది. ఉపాధ్యాయులముగా ఇది మాకు ముందే తెలియవలసిన సంగతి. మొరుగుతున్న కుక్క మీద మనము అరిస్తే, మనమూ తనతో కలిసి మొరుగుతున్నామని అది అనుకొంటుంది. సాయంత్రము వచ్చి పగటి తప్పుకు కొడితే, దేనికి కొట్టారో దానికి తెలియదు; మనము ఇంటికి రావడమే భయమవుతుంది. అది తనంతట తాను ఆగినప్పుడు, రెండు మూడు ఊపిరులు నిశ్శబ్దముగా ఉంటే ‘మంచిది’ అని చిన్న ముక్క పెట్టాలి. తరువాత పది ఊపిరులు, తరువాత ఒక నిమిషము. సెలవు దినములలో అయిదు నిమిషములు బయటికి పోయి రావడము, పది నిమిషములు పోయి రావడము, ఇట్లా మెల్లగా పెంచుతూ పోయాము. తరగతిలో పిల్లవానికి ఎక్కములు నేర్పినట్లే.

చేయకూడనివి కూడా చెప్పాలి. పగలంతా మూతికి బుట్ట బిగించడము తప్పు. కుక్క నోరు తెరిచి ఒగర్చడము వలననే ఒంటి వేడి తగ్గించుకొంటుంది. ఎండలో మూతి కట్టితే ప్రాణము మీదికి వస్తుంది. గొంతు తీగలు కోయించడము, కరెంటు తగిలించే పట్టీలు కట్టడము మన సుఖము కోసము దాని బాధను దాచిపెట్టడమే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టములోని 11వ సెక్షను ప్రకారము, మరీ పొట్టి గొలుసుతో చాలా సేపు కట్టివేయడము, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడము కూడా నేరములే. కుక్కను పెంచుతున్నామనుకొంటూ ఏడు నెలలు మేము చేసినది చట్టము దృష్టిలో హింసయే అని తెలిసి సిగ్గుపడ్డాము.

అన్నిటికంటె పని చేసినది ఇంకొకటి. మేము పెద్దాయన భార్యను ఒక సహాయము అడిగాము. ‘అమ్మా, టామీ మొరిగినప్పుడెల్లా మీ క్యాలెండరులో ఆ తారీకు దగ్గర ఒక గీత పెట్టండి. మేము వారానికొకసారి వచ్చి చూస్తాము.’ ఆమె మొదట ఒప్పుకోలేదు. ‘మీరు గీత పెట్టకపోతే మాకు చెవులు లేనట్లే’ అని బ్రతిమాలితే ఒప్పుకొన్నది. మొదటి వారము తారీకుల గడులలో గీతలకు చోటు చాలలేదు. ఆరవ వారమునకు రోజుకు రెండు మూడు మిగిలాయి. ఒక ఆదివారము టామీని వాళ్ళ ఇంటికే తీసుకొనిపోయి ఆమె చేత బిస్కెట్టు పెట్టించాము. గోడ అవతలి గొంతు తెలిసిన గొంతయిన తరువాత ఆ వైపు మొరగడము మానింది. అప్పుడు పెద్దాయన నవ్వుతూ, ‘ఇప్పుడు పోస్టుమాన్‌కు మాత్రమే వాద్యారే’ అన్నాడు.

ఆయన 2015లో కన్నుమూశాడు. ఆ చివరి రెండు మూడేండ్లు పగలు కొంతైనా నిద్రపోయాడన్నది మాకు కొంత ఓదార్పు. అయితే ముందు పోయిన ఏడు నెలల నిద్రను మేము ఏ విధముగానూ తిరిగి ఇవ్వలేకపోయాము. క్షమాపణ పొందాము గాని అప్పు తీర్చలేదు. ఈ రెండూ ఒకటి కావని కూడా అప్పుడే నేర్చుకొన్నాము.

వలస వచ్చినవారికి ప్రత్యేకముగా

మన తాత ముత్తాతలు వేరే భాషల వారి మధ్యకు వచ్చి బ్రతికారు. కష్టము వచ్చిన రాత్రి చిత్తూరు నుండి బంధువులు రాలేదు. గోడ అవతలి తమిళులు, కన్నడిగులు వచ్చారు. దూరపు అన్నకంటె దగ్గరి పొరుగువాడు మేలని సామెతలు 27వ అధ్యాయములో ఉన్నది మనకు వేరే వ్యాఖ్యానము అవసరము లేని వాక్యము. బబులోనుకు చెరగా పోయినవారితో, మీరున్న పట్టణపు క్షేమము కోసము ప్రార్థించండి, దాని క్షేమములోనే మీ క్షేమమున్నదని యిర్మీయా వ్రాసి పంపాడు. పట్టణపు క్షేమమన్నది పెద్ద మాట. కాని అది మన గోడకు అవతలి మంచము దగ్గరే మొదలవుతుంది.

పశువుల మూలముగా తగాదా రావడము కొత్త కాదు. అబ్రాహాము కాపరులకు, లోతు కాపరులకు తగాదా వచ్చినప్పుడు పెద్దవాడైన అబ్రాహామే ముందుగా పోయి మాట్లాడాడు. తనకున్న హక్కును వదులుకొని, ఏ వైపు కావాలో నీవే ఎంచుకో అన్నాడు. పెద్దరికమంటే ముందుగా పోవడము. పొరుగువాడు వచ్చి చెప్పేదాకా కూర్చొనడము కాదు.

కనుక మా మనవి ఇది. కుక్క ఉన్నా లేకపోయినా, మూడు నెలలకు ఒకసారి ఇరుగు పొరుగు ఇండ్లకు వెళ్ళి, వాళ్ళ భాషలోనే, ‘మా వలన మీకు ఏమైనా ఇబ్బంది ఉన్నదా?’ అని అడగండి. ఇంటి ఆడవారిని మీ ఇంటి ఆడవారి చేత అడిగించండి, పగలు ఇంట్లో ఉండి వినేవారు వారే. లేదని చెప్పితే సంతోషించి వెంటనే రావద్దు, కొంచెము కూర్చోండి. ఉన్నదని చెప్పితే ఆ చోటనే వాదించవద్దు. చెప్పినవారికి కృతజ్ఞత చెప్పి రండి. వారు చెప్పినది మీరు వినలేని దానికి సాక్ష్యము.

ఇంకొక మాట

చెప్పవలసినవారికి కూడా బాధ్యత ఉన్నది. మనసులో కోపము పెట్టుకొనక పొరుగువానితో నేరుగా చెప్పవలెనని లేవీయకాండము 19వ అధ్యాయము 17వ వచనము నేర్పుతుంది. చెప్పకుండా కోపము పెంచుకొన్నవారు చివరికి కుక్కకు విషము పెట్టిన సంగతులు విన్నాము. అది నోరులేని ప్రాణికి చేసే అన్యాయము, చట్టప్రకారము నేరము కూడా.

చెప్పడము సులభమనుకొన్నాము. ఈమధ్య ఆ పరీక్ష మాకే వచ్చింది. ఇద్దరమూ ఉద్యోగ విరమణ చేసి పగలు ఇంట్లోనే ఉంటున్నాము. టామీ 2023లో చనిపోయింది. పెద్దాయన ఉండిన ఇంటిలోకి ఒక పడుచు జంట వచ్చారు. ఇద్దరూ తెల్లవారకముందే బెంగుళూరు రైలుకు పోతారు. వాళ్ళకు ఒక కుక్క ఉన్నది. అది ఎనిమిదిన్నరకు మొదలు పెడుతుంది.

మేము చెప్పడానికి మూడు వారములు పట్టింది. కొత్తవారు, ఏమనుకొంటారో, పెద్దవారము మనము ఓర్చుకోలేమా – ఇట్లా ఎన్నో సాకులు. ఆ సాకులన్నిటిలో పెద్దాయన భార్య గొంతు వినబడింది. చివరికి ఒక ఆదివారము ఆరాధన తరువాత వెళ్ళి, ముందుగా మా టామీ కథ చెప్పి, తరువాత వాళ్ళ కుక్క సంగతి చెప్పాము. ఆ అబ్బాయి తెల్లబోయాడు. ‘అయ్యా, రాత్రి ఒక్క అరుపు కూడా ఉండదే! ఎంత బుద్ధిగా ఉంటుందో!’ అన్నాడు. మా ఇంటావిడ, మేము ఒకరి ముఖము ఒకరము చూసుకొన్నాము.

ఇప్పుడు వాళ్ళ తాళపుచెవి ఒకటి మా దగ్గర ఉన్నది. మధ్యాహ్నము పోయి కుక్కకు నీళ్ళు పోసి, కాసేపు కూర్చొని వస్తున్నాము. క్యాలెండరులో గీతలు పెడుతున్నాము. ఇంకా తగ్గవలసి ఉన్నది.

మనకు వినబడనిది వినగల పొరుగువారిని, వారు చెప్పినప్పుడు విను మనసును ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.